వేసవిలో కీళ్ల నొప్పులు: పంచాయతీ చేతిలోని మందు

ఉగాది దాటిన నాటినుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఎండ ముదురును. ఏప్రిల్ చివర, మే మాసమున 43, 44 డిగ్రీల వరకు పోవు దినములు ఈ ప్రాంతమునకు క్రొత్తవి కావు. పనులు మాత్రము ఎండను చూచి ఆగవు. అలంపూరు వైపు మిరప కల్లములు, కొల్లాపూరు తోటలలో మామిడి కోతలు, జూరాల కాలువల క్రింద యాసంగి వరి కోతలు, ఊరూర చెరువు పూడిక పనులు సాగుచునే యుండును. వనపర్తి, నాగర్‌కర్నూలు చెలకలలో వేరుశనగ పీకి, గొంతుకూర్చుండి కాయలు రాల్చిన స్త్రీల మోకాళ్లు అప్పటికే అలసి యుండును. ఈ దినములలో పంచాయతీ కార్యాలయపు మెట్లు ఎక్కుచు, మధ్యలో మోకాలు పట్టుకొని నిలుచువారిని మన సభ్యులందరు చూచియే యుందురు. ఏమైనదని అడిగినచో "ఎండకు కీళ్లు పట్టుకున్నయి" అందురు.

ఇది వైద్యుని పని గదా, పంచాయతీకి దీనితో నేమి అని సభ్యులు అడుగవచ్చును. ఎండకాలపు కీళ్ల నొప్పులలో పెద్ద భాగము, వెదకి చూచినచో, నీటి దగ్గరకు వచ్చి నిలుచును. నీరు చాలకపోవుట ఒకటి, త్రాగు నీరే చెడ్డదగుట ఒకటి, నిలువ నీటికి మూత లేకపోవుట ఒకటి. ఊరి నీరు పంచాయతీ చేతిలోనిది. కనుక ఈ పాఠమును వైద్యులకు గాక సభ్యులకే వ్రాయుచున్నాము.

ముందుగా ఒక సంగతి చెప్పవలసి యున్నది. ఎండ కీళ్లను అరగదీయదు. మోకాలిలో రెండెముకల నడుమ మెత్తగా నుండు మృదులాస్థి వయసుతోను, దేహపు బరువుతోను, ఏండ్ల తరబడి గొంతుకూర్చుండి చేయు పనులతోను, పాత దెబ్బలతోను అరుగును. ఈ అరుగుదల గలవారిలో అనేకులు చలికి, ముసురుకే బాధ హెచ్చునని చెప్పుదురు. మరి వేసవిలో నొప్పి యేల? చెమటతో ఒంటిలోని నీరును, ఉప్పును పోవును. అప్పుడు పిక్కలు, తొడలు, నడుము కండరములు బిగిసి లాగును. బాధ కండరమునదైనను మనిషి దానిని కీలు నొప్పియనియే చెప్పును. పిక్కను ఒత్తి చూచినచో గట్టిగా ముద్దకట్టి యుండి, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగి నీడన కూర్చున్న కొంతసేపటికి సడలినచో, అది కీలు నొప్పి కాదని తెలిసికొనవచ్చును.

నిజముగా కీలును పట్టునది మరియొకటి కలదు. రక్తములో యూరిక్ ఆమ్లమను పదార్థము ఉండును. ఒంటిలో నీరు తగ్గినపుడు అది చిక్కబడి, సూదుల వంటి స్ఫటికములై కీలులో పేరుకొనును. సాధారణముగా కాలి బొటనవ్రేలి మొదట, రాత్రివేళ, దుప్పటి తగిలినను ఓర్వలేని నొప్పితో ఎర్రగా వాచును. దీనిని గౌట్ అందురు. పురుషులలో హెచ్చు. మాంసము, అందును కార్జము వంటివి మిక్కిలిగా తినుట, సారాయి, కల్లు దీనిని రేపును. ఎండకు చలువయని కల్లు త్రాగుట ఈ ప్రాంతపు అలవాటు. అది దప్పిక తీర్చినట్లు కనబడును గాని, మత్తు పదార్థము మూత్రమును హెచ్చించి ఒంటి నీటిని ఇంకను తీసివేయును. మేము వ్రాసినంత మాత్రమున కల్లు మానుదురని మేము అనుకొనుట లేదు. త్రాగినవాడు దానిపైన రెండు చెంబుల నీరైనను త్రాగవలెనని చెప్పుట కష్టము కాదు.

వేసవిలో మేము అన్నిటికంటె భయపడునది నొప్పి కాదు, నొప్పికి మ్రింగు బిళ్ల. తెల్లవారుజామున పరగడుపున ఒక నొప్పి బిళ్ల వేసికొని, నీరు సరిగా త్రాగకయే పనికి పోవుట మన పల్లెలలో సర్వసాధారణమైనది. కిరాణా దుకాణములలో కూడ అవి దొరకును. డైక్లోఫినాక్, ఏసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ మొదలగునవి ఈ జాతివి. ఒంటిలో నీరు తగ్గినపుడు మూత్రపిండములకు పారు రక్తము తగ్గును. అట్టి వేళ శరీరము తానే కొన్ని రసాయనములను పుట్టించి, మూత్రపిండముల రక్తనాళములను తెరచి ఉంచుకొనును. ఈ బిళ్లలు నొప్పిని తగ్గించుట ఆ రసాయనములను ఆపుట చేతనే. అనగా కాలువలో నీరు తగ్గిన దినముననే తూము కూడ మూసినట్లగును. చలికాలమున అదే బిళ్ల వేసికొని ఏమియు కాని మనిషికి, మే మాసపు ఎండలో మూత్రపిండములు దెబ్బతినవచ్చును. రక్తపోటు, చక్కెర వ్యాధి గలవారికి ఈ అపాయము హెచ్చు. మూత్రము జారీచేయు రక్తపోటు మందులు వాడువారికి మరియు హెచ్చు. పరగడుపున మ్రింగినచో కడుపులో పుండు పడి రక్తము పోవుటయు కలదు.

ఇక సూది మందు సంగతి. "ఒక సూది వేసిన వెంటనే లేచి నడిచినాడు" అని చెప్పుకొను సూదులలోను, పేరు లేని పొట్లములలో ఇచ్చు బిళ్లలలోను స్టెరాయిడు మందు ఉండుట కద్దు. అది వెంటనే సుఖమిచ్చును. నెలల తరబడి వాడినచో ముఖము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. చాలకాలముగా వాడుచున్నవారు భయపడి ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే. వైద్యుని చేత క్రమక్రమముగా తగ్గింప జేసికొనవలెను. ఈ మాటను ఆశా కార్యకర్త ఇంటింట చెప్పునట్లు చూచుట పంచాయతీకి సులభము.

ఎండలో శ్రమపడువారి మూత్రపిండముల సంగతి మన ఊహ కాదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశముల చెరకు తోటలలో కోతకూలీలు, వయసులో నున్నవారే, వేలమంది మూత్రపిండముల వ్యాధితో మరణించిరి. విపరీతమైన ఎండ, శ్రమ, ఒంటి నీరు మరల మరల తగ్గుట ముఖ్య కారణములుగా అచటి పరిశోధకులు తలంచుచున్నారు. నొప్పి బిళ్లలు దానిని హెచ్చించునవిగా అనుమానింపబడినవి. అచట కొన్ని తోటలలో చేసినదేమనగా, పనిచోటికి నీరు తెచ్చుట, నీడ వేయుట, నిర్ణీత వేళలలో విశ్రాంతి ఇచ్చుట. అంతమాత్రము చేతనే మూత్రపిండముల దెబ్బలు తగ్గినవి. ఈ మూడింటిలో మన పంచాయతీలకు అసాధ్యమైనది ఒకటియు లేదు.

అయినచో నొప్పితో నున్నవారు ఏమి చేయవలెను? తిండి తిని, నీరు త్రాగిన తరువాత, ఆరోగ్య ఉపకేంద్రములో ఇచ్చు పారాసిటమాల్ బిళ్ల చెప్పిన మోతాదులో వాడుట మొదటి మెట్టు. వాచి వేడిగా నున్న కీలుపై కుండ నీటిలో తడిపిన గుడ్డ వేయవలెను. వాపు లేక బిగిసిన కీలుకు ఉదయము గోరువెచ్చని కాపడము మేలు. పై పూత మందులు మ్రింగుడు బిళ్లలకంటె అపాయము తక్కువైనవి. ఇంతకు తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

నీరు చాలకపోవుట గురించి సభ్యులు పనిచోటికి స్వయముగా పోయి చూడవలెను. కాగితము మీద నీటి కుండ ఉండును. అది పనిచోటికి ఎంత దూరమున ఉన్నదో కాగితము చెప్పదు. తట్టల లెక్కను బట్టి కూలి వచ్చు పనిలో, కుండ దూరమైనచో లేచి పోవువారు అరుదు. ఎండలో పనిచేయువారు దప్పిక కొరకు చూడక, ఇరువది నిమిషములకు ఒక గ్లాసు చొప్పున త్రాగవలెను. కుండ వారి వద్దకు పోవలెను గాని వారు కుండ వద్దకు కాదు. ఒకరిని నీరందించుటకే నియమించుట దండుగ ఖర్చు కాదు. తైద అంబలి, జొన్న అంబలి, ఉప్పు మజ్జిగ మన పెద్దలు ఎరిగి పెట్టిన పానీయములు. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినచో సరిపోవును. ఇచట చెంచా యనగా టీ చెంచా. ఉప్పు హెచ్చినచో అపాయము. నాలుకకు కన్నీటికంటె ఉప్పగా తోచరాదు. మూత్రము పసుపు కలిపిన నీటివలె చిక్కగా వచ్చుచున్నచో త్రాగినది చాలలేదని గుర్తు.

ఇచట పురుషులు తరచుగా గమనింపని విషయము ఒకటి కలదు. స్త్రీలలో పలువురు పనిచోట నీరు కావలెననియే త్రాగరు. త్రాగినచో మరుగునకు పోవుటకు చోటు లేదు. చెట్టు చేమ లేని చెరువు గర్భములో ఉదయము ఆరు గంటలనుండి మధ్యాహ్నము వరకు బిగబట్టుకొని పనిచేయుదురు. నొప్పి బిళ్ల కూడ వారే హెచ్చుగా మ్రింగుదురు. నాలుగు కర్రలు, ఒక పరదా, ఒక బకెట్టు నీరు ఏర్పాటు చేసినచో ఈ ఇబ్బంది తీరును. మహిళా సభ్యులు ఈ సంగతి ఎత్తుటకు సంకోచింపనక్కర లేదు. ఇది ఆరోగ్య విషయము.

వేళల సంగతియు ఇట్టిదే. ఆరు గంటలకు మొదలిడి పదకొండులోపు ముగించి, మిగిలినది సాయంకాలము నాలుగు దాటిన తరువాత పెట్టుకొనుట మేలు. చాలకాలము తరువాత పనికి వచ్చినవారికి, పట్నమునుండి వలస తిరిగి వచ్చినవారికి మొదటి వారము సగము పని ఇచ్చి క్రమముగా పెంచవలెను. దేహము ఎండకు అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును.

మగ్గముల వారి పాట్లు వేరు. గద్వాల చీర పేరు దేశమంతట తెలిసినదే. దానిని నేయువాని మోకాలు సంగతి తెలిసినవారు తక్కువ. గుంట మగ్గములో కాళ్లు వ్రేలాడవేసి, తొక్కుడు పలకలు తొక్కుచు, నడుము వంచి గంటల తరబడి కూర్చుందురు. వేడిగాలికి నూలు ఎండి తెగునని తలుపులు మూసికొందురు. లోపల ఉక్క, చెమట. వీరు ఎండలో లేరు గదా యని మనము అనుకొందుము. ఒంటి నీరు వీరికిని తగ్గును. మగ్గము ప్రక్కనే నీటి చెంబు, కూర్చుండు పలకపై మెత్త, అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడచుట, ఇంతే చెప్పగలము. ఖర్చు లేని పని యని వారే మాకు గుర్తు చేయుదురు గాని, చీర ఆలస్యమగును గదా యనియు అందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు.

ఇక చెడ్డ నీటి సంగతి. దీనిని కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ఈ ప్రాంతపు నల్లరాతి పొరలలో ఫ్లోరైడు అను లవణము కలదు. లోతు బోరులలోని నీరు ఆ రాళ్ల నడుమ చాలకాలము నిలిచి దానిని కరగించుకొనును. తెలుగు దేశములో ఈ వ్యాధి వృత్తాంతము పాతదే. అప్పటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లాలో వైద్యులు దీనిని గుర్తించి 1937లో ప్రకటించిరి. దుక్కి ఎద్దులు కాళ్లు బిగిసి కాడి లాగలేకపోవుటను రైతులు మొదట గమనించిరని చెప్పుదురు. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము వెలువడెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడు ప్రాంతపు పిల్లలలో మోకాళ్లు లోపలికి వంగుటను వర్ణించిరి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో కూడ కొన్ని ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడు మితిమించి యున్నట్లు పరీక్షలలో తేలినది. 2016 అక్టోబరులో ఆ జిల్లానుండియే మన మూడు జిల్లాలు ఏర్పడినవి.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకని చోట 1.5 వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. దీనికిని ఎండకును సంబంధమేమి? లెక్క వేసి చూడుడు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీటిని నీడపట్టున కూర్చుండువాడు దినమునకు 2 లీటర్లు త్రాగినచో అతని ఒంటికి చేరునది 6 మిల్లీగ్రాములు. అదే నీటిని మే మాసమున పూడిక తట్ట మోయువాడు 7 లీటర్లు త్రాగినచో 21 మిల్లీగ్రాములు. అనగా ఎండలో నీరు బాగుగా త్రాగుడని మేము పైన వ్రాసిన మంచి మాటయే చెడ్డ బోరు గల ఊరిలో కీడు చేయును. అందులకు విరుగుడు నీరు తగ్గించుట కాదు, నీటిని మార్చుట.

పది దినములు త్రాగినంతనే ఎవరును వంగిపోరు. చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రముతో పోవును, కొంత ఎముకలలో నిలిచిపోవును. ఎదుగు పిల్లల ఎముకలు దానిని హెచ్చుగా పట్టుకొనును. ప్రతి వేసవిలో రెండు మూడు నెలలు చొప్పున ఏండ్లు గడచినచో మెడ, నడుము, మోకాళ్లు బిగియును. ఇది గుర్తించుటకు యంత్రములు అక్కరలేని పరీక్షలు మూడు కలవు. మోకాళ్లు వంచక నేలమీది నాణెమును తీయగలరా? గడ్డమును రొమ్ముకు ఆనింపగలరా? రెండు చేతులు తల వెనుక కలుపగలరా? ఒకే వాడలో నడివయసు వారు పలువురు ఈ మూడును చేయలేకున్నచో ఆ వాడ బోరును అనుమానింపవలెను. బడికి పోయి పిల్లల పండ్లు చూచుట మరియొక మార్గము. ఆరేడేండ్ల తరువాత వచ్చిన పండ్లపై సుద్దవంటి తెల్ల మచ్చలు, గోధుమ రంగు చారలు కనబడునేమో చూడవలెను. ఇవి అనుమానమునకే గాని నిర్ధారణకు చాలవు.

నీటిని నాలుకతో పరీక్షింపలేము. ఫ్లోరైడుకు రుచి, వాసన, రంగు లేవు. తీయగా నున్న బోరులోను ఉండవచ్చును. కాచినందువలన పోదు, నీరు ఆవిరియైన కొలది చిక్కబడును. కృష్ణా జలములు శుద్ధి చేయబడి మిషన్ భగీరథ గొట్టముల ద్వారా వచ్చుచున్న ఊళ్లలో ఈ భయము చాలవరకు తీరినది. చిక్కు ఎప్పుడు వచ్చుననగా, వేసవి నడుమ మోటారు కాలి, లేదా గొట్టము పగిలి, ఊరు మరల పాత బోరుకు మళ్లినపుడు. కనుక ఫిబ్రవరిలోనే ప్రతి పాత బోరు నీటిని సీసాలో పట్టి, నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి, వచ్చిన అంకెను పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. మితిమించిన బోరుకు ఎర్ర రంగు వేసి, స్నానమునకు, బట్టలకు, పశువుల కొట్టము కడుగుటకు మాత్రమే అని చెప్పవలెను. మళ్లవలసి వచ్చినచో ఏ బోరుకు మళ్లవలెనో ముందే నిర్ణయించుకొనవచ్చును. ఊరిలో నీటి శుద్ధి యంత్రము పెట్టి అమ్మువారున్నచో, పొర ఎప్పుడు మార్చిరో, నీటి పరీక్ష కాగితమేదో అడుగు హక్కు సభ్యులకు కలదు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ 1970 దశకములో రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. పాళ్లు తప్పినచో పటిక నీటిలో మిగులును గనుక ఇంటింట ఎవరికి తోచినట్లు వారు చేయదగినది కాదు.

ఎముకలలో వచ్చిన మార్పును ఏ బిళ్లయు వెనుకకు త్రిప్పలేదు. తొలి దశలో నీరు మార్చినచో నొప్పులు తగ్గుట కలదు. పాలు, మజ్జిగ, ఆకుకూరలు, ఉసిరి, జామ, నిమ్మ మేలు చేయును. నల్ల ఉప్పులోను, డికాక్షను టీలోను ఫ్లోరైడు ఉన్నందున వాటిని తగ్గింపవలెను. వేసవి పానీయములలో నల్ల ఉప్పు వేయు అలవాటు ఇటీవల ప్రబలినది. మామూలు ఉప్పే చాలును.

మూత లేని నీటి సంగతి కొద్దిగా చెప్పుదుము. రెండు మూడు దినములకొకసారి నీరు వచ్చు వాడలలో తొట్లు, గోలెములు, డ్రమ్ములు నింపి పెట్టుకొందురు. ఆ నీటిలోను, కూలరు అడుగు నీటిలోను పగటిపూట కుట్టు ఏడిస్ దోమ పుట్టును. అది తెచ్చు చికున్‌గున్యా జ్వరము మూడు నాలుగు దినములలో పోవును గాని కీళ్ల నొప్పులు నెలల తరబడి నిలుచును. 1952లో ఇప్పటి టాంజానియా దేశమున దీనిని మొదట గుర్తించిరి. వంగిపోవుట అను అర్థముగల అచటి మాటయే దాని పేరైనది. 2005, 2006 సంవత్సరములలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఇది ప్రబలినపుడు మంచము దిగలేకపోయినవారు మన ఊళ్లలో నేటికిని ఆ బాధను తలచుకొందురు. వారమునకొక దినము తొట్లన్నియు బోర్లించి, రుద్ది, ఎండబెట్టవలెను. జ్వరముతో కూడిన కీళ్ల నొప్పికి, డెంగ్యూ కాదని తేలు వరకు, పైన చెప్పిన నొప్పి బిళ్లలు వేయరాదు, రక్తస్రావము కలుగవచ్చును.

అరిగిన మోకాళ్లు గలవారు వేసవియని పూర్తిగా మంచమెక్కినచో కండ తగ్గి బాధ హెచ్చును. తెల్లవారుజామున కుర్చీలో కూర్చుండి, ఒక కాలు చాపి, తొడ బిగించి, అయిదు లెక్కించి దింపవలెను. కాలికి పది మారులు. నేలపై గొంతుకూర్చుండుటకు బదులు చిన్న పీట వాడవలెను.

ఒకే కీలు ఎర్రగా వాచి జ్వరము కూడ నున్నచో అది కీలులో చీము కావచ్చును. ఆ దినమే ఆసుపత్రికి చేర్చవలెను. మూత్రము బాగా తగ్గినను, కాళ్లు ఉబ్బినను ఆలస్యము కూడదు. ఎండలో పనిచేయువాడు తికమకగా మాటలాడినను, ఒళ్లు కాలుచు తూలిపడినను అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి విసరుచు, 108కి కబురు చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు చోట్లను ప్రభుత్వ వైద్య కళాశాలలు, వాటి ఆసుపత్రులు ఉన్నవి. పోవునపుడు, రోగి అంతవరకు మ్రింగిన బిళ్లల అట్టలను, పొట్లములను తప్పక వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపవలెను.